నమూనా శాసనసభ: భేస్తాన్ తరగతి గది నుంచి గాంధీనగర్ సభా మందిరం దాకా

సూరత్ నుంచి ముంబై వైపు వెళ్లే రైలు మార్గంలో ఉధనా దాటిన తరువాత వచ్చే స్టేషన్ భేస్తాన్. సూరత్ మహానగరపాలక సంస్థ పరిధిలోని ఈ దక్షిణ ప్రాంతం చుట్టూ మరమగ్గాల శాలలు, బట్టల అద్దకం, ముద్రణ కర్మాగారాలు విస్తరించి ఉన్నాయి. పాండేసరా పారిశ్రామికవాడ దీనికి సమీపంలోనే ఉంది. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలతో పాటు తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన చేనేత కుటుంబాలు కూడా సూరత్ నగరంలో దశాబ్దాలుగా స్థిరపడ్డాయి. నగర పాలక సంస్థ నిర్వహించే పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లంతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండడానికి కారణం ఈ వలసలే.

ఇటువంటి ప్రాంతంలో చదువుకునే విద్యార్థికి పౌరశాస్త్రంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న చిక్కైనది. ‘మీ ఎమ్మెల్యే ఎవరు?’ అని ఉపాధ్యాయుడు అడిగితే, ఇంట్లో పెద్దలు చెప్పే పేరు సొంత ఊరి శాసనసభ్యుడిది కావచ్చు. కానీ ఆ విద్యార్థి చదివే బడి, తాగే నీరు, వైద్యం చేయించుకునే ఆసుపత్రి మరో రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాలపై ఆధారపడి ఉంటాయి. తన జీవితాన్ని ప్రభావితం చేసే సభ ఏది, అందులో తన మాట వినిపించే దారి ఏది అన్నది పాఠ్యపుస్తకంలోని నిర్వచనాలతో మాత్రమే బోధపడదు. ఈ లోటును తీర్చేందుకు దేశంలో అనేక విద్యాసంస్థలు అనుసరిస్తున్న పద్ధతే నమూనా శాసనసభ.

నమూనా శాసనసభ అంటే ఏమిటి?

విద్యార్థులే శాసనసభ్యులుగా, మంత్రులుగా, సభాపతిగా, ప్రతిపక్ష సభ్యులుగా వ్యవహరిస్తూ, అసలైన శాసనసభ నియమాల ప్రకారం ఒక సమావేశాన్ని నిర్వహించడమే నమూనా శాసనసభ. దీనికీ వక్తృత్వ పోటీకీ మౌలికమైన తేడా ఉంది. వక్తృత్వ పోటీలో ఎవరికి వారు మాట్లాడి బహుమతి పొందుతారు. శాసనసభలో మాట్లాడినవారు ఇతరులను ఒప్పించాలి, అభ్యంతరాలకు సమాధానం ఇవ్వాలి, చివరకు ఓటింగు ఫలితాన్ని అంగీకరించాలి. ఓడిపోయిన పక్షం కూడా మరునాడు అదే సభలో కూర్చోవలసి ఉంటుందన్నది ఈ అభ్యాసం నేర్పే ముఖ్యమైన పాఠం.

ఆరు దశాబ్దాల నేపథ్యం

భారతదేశంలో ఈ ప్రయత్నానికి బీజం 1962లో పడింది. ఆ సంవత్సరం బొంబాయిలో జరిగిన నాలుగవ అఖిల భారత విప్‌ల సదస్సు, విద్యాసంస్థల్లో నమూనా పార్లమెంటులను ప్రోత్సహించాలని సిఫారసు చేసింది. దానికి అనుగుణంగా పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966లో ఢిల్లీ పాఠశాలల్లో యువ పార్లమెంటు పోటీలను ప్రారంభించింది. ఆ తరువాత ఈ పథకం 1988 నుంచి కేంద్రీయ విద్యాలయాలకూ, 1997–98 నుంచి జవహర్ నవోదయ విద్యాలయాలకూ, విశ్వవిద్యాలయాలకూ విస్తరించింది. 2019 నవంబరు 26న ప్రారంభమైన జాతీయ యువ పార్లమెంటు పథకం వెబ్ పోర్టల్ ద్వారా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు తమంతట తామే నమోదై సభలు నిర్వహించుకునే అవకాశం కలిగింది. పాఠశాల విద్యార్థుల సభకు ‘కిశోర సభ’ అనీ, కళాశాల విద్యార్థుల సభకు ‘తరుణ సభ’ అనీ పేర్లు పెట్టారు.

ఇతర దేశాల్లోనూ ఇటువంటి ప్రయోగాలకు దీర్ఘ చరిత్ర ఉంది. అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వ నిర్వహణను యువతకు నేర్పే ‘బాయ్స్ స్టేట్’ కార్యక్రమం 1935లో ఇల్లినాయ్ రాష్ట్రంలో మొదలైంది. మరుసటి సంవత్సరం న్యూయార్క్ రాష్ట్రంలో వై.ఎం.సి.ఎ. సంస్థ ఇదే తరహా నమూనా శాసనసభను ఆరంభించింది. బ్రిటన్ యువ పార్లమెంటు సభ్యులు 2009లో తొలిసారిగా కామన్స్ సభా మందిరంలోనే కూర్చుని చర్చలు జరిపారు.

గాంధీనగర్‌లో, అమరావతిలో

గుజరాత్‌లో ఈ దిశగా చెప్పుకోదగిన సందర్భం 2022 జూలై 21న చోటుచేసుకుంది. గాంధీనగర్‌లోని విఠల్‌భాయ్ పటేల్ భవన్‌లో, నిజమైన శాసనసభ్యులు కూర్చునే స్థానాల్లో రాష్ట్రంలోని వివిధ ప్రాంతాల విద్యార్థులు ఆసీనులై ఒక రోజు సభను నడిపారు. శాసనసభలోని 182 స్థానాలకు సమానంగా 182 మంది విద్యార్థులను ఎంపిక చేశారు. ముఖ్యమంత్రి, సభాపతి, ప్రతిపక్ష నాయకుడు వంటి పాత్రలన్నింటినీ విద్యార్థులే నిర్వహించారు.

ఆంధ్రప్రదేశ్‌లో రాజ్యాంగ దినోత్సవాన్ని పురస్కరించుకుని 2025 నవంబరు 26న అమరావతిలోని శాసనసభ ప్రాంగణంలో విద్యార్థుల నమూనా శాసనసభ జరిగింది. రాష్ట్రంలోని 175 నియోజకవర్గాలకు ప్రాతినిధ్యం కల్పించేలా విద్యార్థులను ఎంపిక చేశారు. 1949లో రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించిన తేదీ నవంబరు 26 కావడం వల్ల దేశవ్యాప్తంగా ఇటువంటి కార్యక్రమాలు ఎక్కువగా ఆ రోజునే జరుగుతుంటాయి.

అయితే రాజధానిలోని మందిరంలో కూర్చునే అవకాశం కొద్దిమందికే లభిస్తుంది. సూరత్ నుంచి గాంధీనగర్ సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరం. కార్మికవాడల్లోని బడి పిల్లలందరికీ ఈ అనుభవం అందాలంటే సభ వారి తరగతి గదికే రావాలి. అందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. బల్లలను అర్ధచంద్రాకారంలో అమర్చి, నియమాల ప్రతి ఒకటి, ఒక గంట, ఒక గడియారం సమకూర్చుకుంటే చాలు.

ఏ సమస్య ఎవరి పరిధిలోనిది?

నమూనా సభ నిర్వహణలో తొలి మెట్టు చర్చనీయాంశాల ఎంపిక. భేస్తాన్ పరిసరాల్లో విద్యార్థులు రోజూ చూసే విషయాలనే తీసుకుంటే, రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు అక్కడికక్కడే అర్థమవుతుంది.

రైల్వే స్టేషన్‌లో సౌకర్యాలు పెంచాలని ఒక విద్యార్థి బిల్లు ప్రతిపాదించాడనుకుంటే, సభాపతి దానిని అనుమతించలేడు. రైల్వేలు కేంద్ర జాబితాలోని అంశం. రాష్ట్ర శాసనసభ వాటిపై చట్టం చేయజాలదు. తమ వీధిలో మురుగు కాలువ పొంగుతున్నదన్న ఫిర్యాదు ప్రధానంగా నగరపాలక సంస్థ బాధ్యత. సూరత్ నగరపాలక సంస్థలో 30 వార్డుల నుంచి, వార్డుకు నలుగురు చొప్పున, 120 మంది సభ్యులు ఎన్నికవుతారు. ఆ సంస్థ మాత్రం రాష్ట్ర చట్టం ప్రకారం ఏర్పడినదే. స్థానిక స్వపరిపాలన రాష్ట్ర జాబితాలో ఉంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు, పోలీసు వ్యవస్థ కూడా రాష్ట్ర జాబితాలోనివే.

మరమగ్గాల కార్మికుల పని గంటలు, భద్రత వంటి కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోకి వస్తాయి. విద్య కూడా 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ తరువాత ఉమ్మడి జాబితాలో చేరింది. ఈ జాబితాలోని అంశాలపై పార్లమెంటు, శాసనసభ రెండూ చట్టాలు చేయవచ్చు. రెండింటికీ పొసగనప్పుడు సాధారణంగా కేంద్ర చట్టమే చెల్లుతుంది. రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్ర చట్టానికి మాత్రం ఆ రాష్ట్రంలో మినహాయింపు లభిస్తుంది.

అద్దకం కర్మాగారాల వ్యర్థ జలాల సమస్య ఇంకా ఆసక్తికరమైనది. జల కాలుష్య నివారణకు 1974లో చట్టం చేసింది పార్లమెంటు. దానిని క్షేత్రస్థాయిలో అమలు చేసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. కనుక ‘కాలుష్యాన్ని అరికట్టాలి’ అని ఉపన్యసించడం కన్నా, ‘మండలి ఎన్ని తనిఖీలు చేసింది, ఎన్ని నోటీసులు ఇచ్చింది’ అని సంబంధిత మంత్రిని అడగడం శాసనసభ్యుడి పనికి దగ్గరగా ఉంటుంది. సరైన ప్రశ్నను సరైన వేదికపై అడగడం నేర్చుకున్న విద్యార్థి, పెద్దయ్యాక తన దరఖాస్తు ఏ కార్యాలయానికి ఇవ్వాలో కూడా తెలుసుకుంటాడు.

సభా నియమాల్లో దాగిన లెక్కలు

శాసనసభ సమావేశం చెల్లుబాటు కావాలంటే కనీస హాజరు, అంటే కోరం ఉండాలి. రాజ్యాంగంలోని 189వ అధికరణం ప్రకారం పది మంది లేదా మొత్తం సభ్యుల్లో పదవ వంతు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కోరం. 182 మంది సభ్యులున్న గుజరాత్‌లో పదవ వంతు 18.2 కనుక 19 మంది ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 18 మంది, 119 స్థానాలున్న తెలంగాణలో 12 మంది అవసరం. నలభై మంది విద్యార్థుల తరగతిలో సభ పెడితే, ఈ నియమం ప్రకారం కనీసం పది మంది ఉండాలి.

మంత్రిమండలి పరిమాణానికీ లెక్క ఉంది. 2003 నాటి 91వ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య సభ మొత్తం సభ్యుల్లో 15 శాతాన్ని మించరాదు, 12కు తగ్గరాదు. గుజరాత్‌లో ఈ గరిష్ఠ పరిమితి 27. రాష్ట్రంలోని 182 స్థానాల్లో 13 షెడ్యూల్డు కులాలకూ, 27 షెడ్యూల్డు తెగలకూ రిజర్వు అయ్యాయి. శాసనసభల్లో మహిళలకు మూడవ వంతు స్థానాలు కేటాయించే నిబంధనను 2023 నాటి 106వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. పాత్రల పంపిణీలో ఈ నిష్పత్తులను పాటిస్తే ప్రాతినిధ్యం అనే భావన విద్యార్థులకు అంకెల రూపంలో కనిపిస్తుంది.

తెలుగు కుటుంబాల పిల్లలకు ప్రత్యేకంగా వివరించవలసిన మరో తేడా ఉంది. సెలవుల్లో సొంత ఊరికి వెళ్లినప్పుడు వారు ‘ఎమ్మెల్సీ’ అనే మాట వింటారు. గుజరాత్‌లో ఆ పదవి లేదు. తెలంగాణలో 40 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 58 మంది సభ్యులతో శాసనమండళ్లు ఉన్నాయి. గుజరాత్‌ది ఏకసభా వ్యవస్థ. అన్ని రాష్ట్రాల నిర్మాణం ఒకేలా ఉండదన్న సంగతి ఇలాంటి పోలికతో తేలికగా గుర్తుంటుంది.

సభ నడిచే తీరు

సాధారణంగా సమావేశం ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలకు మంత్రి సభలో మౌఖికంగా సమాధానం ఇస్తారు, వాటిపై అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. ఆ గుర్తు లేని ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం లభిస్తుంది. ముందుగా రాసి ఇచ్చిన ప్రశ్నకు సమాధానం సిద్ధం చేసుకోవడం సులువే. అనుబంధ ప్రశ్న వచ్చినప్పుడే మంత్రి పాత్రధారికి ఆ శాఖపై ఎంత అవగాహన ఉన్నదో బయటపడుతుంది.

అత్యవసర ప్రజా సమస్యలను సావధాన తీర్మానం, వాయిదా తీర్మానం వంటి మార్గాల్లో ప్రస్తావించవచ్చు. తరువాత బిల్లు సభ ముందుకు వస్తుంది. మొదటి దశలో బిల్లును ప్రవేశపెడతారు. రెండవ దశలో దాని ఉద్దేశాలపై సాధారణ చర్చ, ఆపైన ఒక్కొక్క నిబంధనపై విడివిడిగా పరిశీలన, సవరణలు ఉంటాయి. అవసరమైతే బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపుతారు. మూడవ దశలో మొత్తం బిల్లుపై ఓటింగు జరుగుతుంది. సభాపతి మొదట మూజువాణి ఓటు కోరుతారు. ఫలితంపై అభ్యంతరం వస్తే సభ్యుల ఓట్లను లెక్కిస్తారు. రెండు పక్షాలకూ సమానంగా ఓట్లు పడినప్పుడే సభాపతి తన నిర్ణాయక ఓటును వినియోగిస్తారు.

సభ ఆమోదించగానే బిల్లు చట్టం కాదు. 200వ అధికరణం ప్రకారం అది గవర్నర్ ఆమోదానికి వెళుతుంది. గవర్నర్ ఆమోదించవచ్చు, ఆమోదాన్ని నిలిపివేయవచ్చు, ద్రవ్య బిల్లు కానిదైతే పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు లేదా రాష్ట్రపతి పరిశీలనకు రిజర్వు చేయవచ్చు. తిప్పి పంపిన బిల్లును సభ మళ్లీ ఆమోదించి పంపితే గవర్నర్ ఆమోదాన్ని నిలిపివేయరాదు. అందువల్ల నమూనా సభలో గవర్నర్ పాత్రను కేవలం ప్రారంభ ప్రసంగానికి పరిమితం చేయకుండా చివరి ఘట్టంలోనూ ఉంచడం మంచిది.

గుజరాత్ శాసనసభ 2023 సెప్టెంబరులో జాతీయ ఈ-విధాన్ అప్లికేషన్‌ను అమలులోకి తెచ్చింది. దీనివల్ల ప్రశ్నలు, సమాధానాలు, బిల్లుల ప్రతులు సభ్యుల ముందున్న ట్యాబ్‌లలోనే అందుబాటులో ఉంటాయి. తరగతి గదిలో ఇందుకు బదులుగా గోడపై అతికించిన కార్యక్రమ పట్టిక సరిపోతుంది.

మాతృభాషకు సభలో చోటు

బహుభాషా ప్రాంతమైన సూరత్‌లో నమూనా శాసనసభ ఏ భాషలో జరగాలన్నది చిన్న విషయం కాదు. గుజరాతీ ధారాళంగా మాట్లాడేవారికే ముఖ్య పాత్రలు దక్కి, మిగిలినవారు ప్రేక్షకులుగా మిగిలిపోతే సభ ఉద్దేశమే దెబ్బతింటుంది. దీనికి పరిష్కారం రాజ్యాంగంలోనే ఉంది. 210వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ కార్యకలాపాలు ఆ రాష్ట్ర అధికార భాషలో లేదా భాషల్లో, లేదా హిందీలో, లేదా ఆంగ్లంలో జరుగుతాయి. గుజరాత్‌లో గుజరాతీ, హిందీ రెండూ అధికార భాషలు. వీటిలో దేనిలోనూ తన భావాన్ని తగినంతగా వ్యక్తం చేయలేని సభ్యుడిని మాతృభాషలో ప్రసంగించేందుకు సభాపతి అనుమతించవచ్చు.

అంటే గాంధీనగర్ సభలో సైతం సభాపతి అనుమతితో తెలుగులో మాట్లాడే వీలును రాజ్యాంగం కల్పించింది. భేస్తాన్ వంటి ప్రాంతంలోని బడిలో ఈ అధికరణాన్ని ఆచరణలో పెట్టవచ్చు. తెలుగు, ఒడియా లేదా మరాఠీ మాట్లాడే విద్యార్థి లేచి అనుమతి కోరడం, సభాపతి అనుమతించడం, సహ విద్యార్థి ఒకరు ఆ ప్రసంగ సారాంశాన్ని హిందీలోనో గుజరాతీలోనో వినిపించడం అన్నది సభా కార్యక్రమంలో భాగం కావచ్చు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 350ఎ అధికరణం రాష్ట్రాలకూ, స్థానిక సంస్థలకూ నిర్దేశిస్తున్నది. బడిలో దక్కిన ఆ గౌరవం సభలోనూ కొనసాగుతుందన్న నమ్మకం పిల్లలకు ఈ విధంగా కలుగుతుంది.

లోపాలు, జాగ్రత్తలు

నమూనా సభలు తరచుగా ఎదుర్కొనే విమర్శ, అవి నాటకాలుగా మిగిలిపోతున్నాయన్నది. పెద్దలు రాసి ఇచ్చిన ప్రసంగాలను కంఠస్థం చేసి అప్పజెబితే, అధికార పక్షం గెలుపు ముందే నిర్ణయమైపోతే, విద్యార్థులు నేర్చుకునేది అభినయం మాత్రమే. ఓటింగు ఫలితాన్ని ముందుగా నిర్ణయించకుండా వదిలివేయడం దీనికి మొదటి విరుగుడు. ప్రభుత్వం ఓడిపోయే అవకాశం ఉన్నప్పుడే మంత్రులు శ్రద్ధగా సమాధానాలు సిద్ధం చేసుకుంటారు.

టెలివిజన్‌లో చూసిన గందరగోళాన్ని అనుకరించడం రెండవ లోపం. నిరసన తెలపడానికీ సభలో నియమబద్ధమైన మార్గాలు ఉన్నాయి. వాకౌట్ చేయవచ్చు, సవరణ ప్రతిపాదించవచ్చు, ఓట్ల లెక్కింపు కోరవచ్చు, అవిశ్వాస తీర్మానం ఇవ్వవచ్చు. వీటిని ముందుగా బోధిస్తే కేకలతో పని ఉండదు. నిజమైన పార్టీల పేర్లను, జీవించి ఉన్న నాయకుల అనుకరణను దూరంగా ఉంచితే చర్చ విషయానికే పరిమితమవుతుంది.

మాటకారులైన కొద్దిమందికే అవకాశం దక్కడం మూడవ సమస్య. నిజానికి శాసనసభ అంటే ప్రసంగించేవారు మాత్రమే కాదు. కార్యక్రమ పట్టికను తయారుచేసే కార్యదర్శి, మాటలను నమోదు చేసే నివేదకులు, క్రమశిక్షణ చూసే మార్షల్, వార్తలు రాసే విలేకరులు, సమాచారం సేకరించే అధికారులు కూడా అవసరమే. మాట్లాడేందుకు బిడియపడే విద్యార్థి రాసిన సభా నివేదిక, సమావేశం ముగిశాక పాఠశాలలో మిగిలే ఏకైక దస్తావేజు. ఆడపిల్లలకు స్వాగత వచనాలు, వందన సమర్పణలు మాత్రమే అప్పగించే అలవాటును మానుకుని హోం, ఆర్థిక శాఖల వంటి బాధ్యతలు ఇవ్వడం ప్రధానం.

బడి నుంచి ఓటరు జాబితాకు

నమూనా సభలో పాల్గొనే తొమ్మిది నుంచి పన్నెండవ తరగతి విద్యార్థులు కొద్ది సంవత్సరాల్లోనే ఓటర్లు అవుతారు. 61వ సవరణ ద్వారా ఓటు హక్కు వయస్సు 21 నుంచి 18 ఏళ్లకు తగ్గింది. శాసనసభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. ప్రస్తుతం జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 తేదీలను ఓటరు నమోదుకు అర్హత తేదీలుగా పరిగణిస్తున్నారు. 17 ఏళ్లు నిండినవారు ముందస్తుగా ఫారం 6 సమర్పించవచ్చు.

వలస కుటుంబాలకు ఇక్కడే ముఖ్యమైన అంశం ఉంది. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా నివసించే నియోజకవర్గంలోనే ఓటరుగా నమోదు కావాలి. ఒక్కరు ఒకటికి మించిన నియోజకవర్గాల్లో నమోదు కారాదు. సొంత ఊరిలో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి సాధారణ నివాసిగా పరిగణించరు. నివాసం మారినవారు ఫారం 8 ద్వారా కొత్త చిరునామాకు తమ పేరును మార్పించుకోవచ్చు. ఏళ్ల తరబడి సూరత్‌లో పనిచేస్తూ పేరును పాత జాబితాలోనే ఉంచుకున్న కుటుంబం, ఇక్కడి పాఠశాల, ఆసుపత్రి, నీటి సరఫరాలపై నిర్ణయించే సభకు ప్రతినిధిని ఎన్నుకునే అవకాశాన్ని కోల్పోతుంది. పోలింగు రోజున ప్రయాణం కుదరకపోతే సొంత ఊరి ఓటు కూడా వినియోగం కాదు.

నమూనా శాసనసభలో తన నియోజకవర్గం పేరు చెప్పి లేచి నిలబడిన విద్యార్థి, ఇంటికి వెళ్లి ‘మన ఓటు ఎక్కడుంది?’ అని తల్లిదండ్రులను అడిగితే ఆ కార్యక్రమం తన ఉద్దేశాన్ని చాలావరకు నెరవేర్చినట్లే. రాష్ట్ర ప్రభుత్వం అనేది దూరాన ఉన్న భవనం కాదనీ, ప్రశ్న అడిగే పద్ధతి తెలిసినవారికి అది జవాబుదారీగా ఉంటుందనీ గ్రహించడమే ఈ అభ్యాసం వల్ల కలిగే శాశ్వత ప్రయోజనం.